పదహారో పేరు

మ్యాచ్ ముగియడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు ఉందనగా, జట్టు జాబితాలో రెండో గోల్‌కీపర్ పేరే లేదని తేలింది.

టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన కాగితం మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వచ్చాడు. మళ్ళీ కింది నుంచి పైకి వెళ్ళాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చూశాడు.

“లేదు మాస్టారూ,” అన్నాడు. “పదహారు పేర్లున్నాయి. ఈ పాప పేరు మాత్రం లేదు.”

“సరిగ్గా చూడండి,” అన్నాడు కోచ్ సార్.

“ఇంకెంత సరిగ్గా చూడమంటారు? మీరే చూసుకోండి.”

తెల్లగీత అవతల ఆ అమ్మాయి గ్లవ్స్ తొడుక్కుని సిద్ధంగా నిలబడి ఉంది. గ్లవ్స్ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తడిగా ఉంటే బంతి జారిపోదని, ఆట మొదలైనప్పటి నుంచి పది నిమిషాలకోసారి తడుపుతూనే ఉంది. ఆ మాటకొస్తే పదకొండు మ్యాచ్‌లుగా తడుపుతూనే ఉంది. ఒక్క నిమిషం కూడా ఆడలేదు. అందుకే జట్టులో అందరూ ఆమెను గొడుగు అంటారు. రోజూ వెంట తెచ్చుకోవడమే గానీ తెరిచే పని పడదని.

గోల్ ముందు మొదటి కీపర్ నేల మీద చతికిలబడి ఉన్నాడు. వాడి ముద్దుపేరు బీరువా. గోల్‌కు అడ్డంగా నిలబడితే వెనక వల కనిపించదు. ఇప్పుడు వాడి చూపుడువేలు బొటనవేలికి రెండింతలు ఉబ్బింది. డాక్టరమ్మ ఆ వేలికి ఐసు పెట్టి కట్టు కడుతూ, “వీడు ఇవాళ ఇక ఆడడు,” అంది.

మైదానం మధ్యలో ఉన్న కెప్టెన్‌కు టేబుల్ దగ్గరి మాటలు వినబడలేదు. వినబడనక్కర్లేదు కూడా. ఆ కాగితంలో ఏం లేదో అక్కడున్న వాళ్ళందరిలోనూ ముందే తెలిసినవాడు వాడొక్కడే.

ఆ జాబితా రాసింది వాడే.

జట్టులో వాడి ముద్దుపేరు గుమస్తా. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఏ కాగితం వచ్చినా సార్ వాడి చేతికే ఇస్తాడు. ఆ పొద్దున కూడా బస్సు ఎక్కేముందు నోట్‌బుక్ ఇచ్చి, “ఈ పేర్లు ఫారంలోకి ఎక్కించు నాన్నా,” అన్నాడు.

జట్టులో పిల్లలు పదిహేడు మంది. ఫారంలో గడులు పదహారే. పదిహేడో పిల్లాడు కూడా జెర్సీ వేసుకుని బెంచీ చివర కూర్చుంటాడు గానీ, పేరు లేకపోతే ఆడనివ్వరు. ఈసారి ఆ పదిహేడోవాడు స్ప్రింగ్. గుమస్తాకు ప్రాణస్నేహితుడు.

ముందురోజు సాయంత్రమే స్ప్రింగ్‌కు సార్ చెప్పేశాడు. “మన దగ్గర ఫార్వర్డ్‌లు ఇప్పటికే నలుగురున్నార్రా. ఐదో హారన్ బిగించి బ్రేకు పీకేస్తే బండి ఏమవుతుంది?”

అందరూ నవ్వారు. స్ప్రింగ్ కూడా నవ్వాడు. ఆ తర్వాత బాత్రూంలో చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. మనవడి ఆట చూడాలని వాళ్ళ తాత రెండు రైళ్ళు మారి అదే రోజు వచ్చాడు.

పదిహేను పేర్లు రాశాక గుమస్తా పెన్ను ఆగింది. నోట్‌బుక్‌లో పదహారో పేరు గొడుగుది. పదకొండు మ్యాచ్‌లు ఆడని పిల్ల పన్నెండోది మాత్రం ఆడుతుందా? రెండు గోల్స్ తేడాతో గెలుస్తూ ఉంటే చివర్లో సార్ దగ్గరికి వెళ్ళి, స్ప్రింగ్ పేరు కూడా ఉంది సార్ అని నవ్వుతూ చెప్పేయొచ్చు. సార్ చెవి మెలిపెట్టి, సరే దిగమను అంటాడు. అంతే కదా.

పెన్ను కదిలింది. సార్ బస్సు మెట్ల దగ్గర పిల్లల్ని లెక్కపెడుతూ, ఫారం చూడకుండానే సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు ఆ ఫారం సార్ చేతిలో ఉంది.

సార్ కళ్ళు కాగితం మీద కిందికి దిగడం గుమస్తా అంత దూరం నుంచి చూశాడు. చివరి గడి దగ్గర ఆగడం చూశాడు. సార్ తల ఎత్తి సూటిగా వాడి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

తర్వాత సార్ పెద్దాయన వైపు తిరిగాడు. “సంతకం నాది. తప్పు నాదే.”

“పేరు లేనివాళ్ళని ఆడనివ్వకూడదు మాస్టారూ,” అన్నాడు పెద్దాయన నొచ్చుకుంటూ. “ఇప్పుడు తెలిసింది కాబట్టి బెంచీ మీద కూడా ఉంచకూడదు. పాపని తాడు అవతలికి పంపాలి.”

గొడుగు తన నీళ్ళ సీసా తీసుకుని, గోల్ వెనక కట్టిన తాడు కింద నుంచి వంగి అవతలికి వెళ్ళి నిలబడింది.

అది సెమీఫైనల్. స్కోరు రెండు ఒకటి, వీళ్ళదే పైచేయి. గెలిస్తే ఫైనల్ పక్కనున్న పెద్ద స్టేడియంలో. క్లబ్ పెద్ద జట్టు ఆడే గడ్డి మీద. ఆ గడ్డి మీద నడవడానికి కూడా పిల్లలకు అనుమతి ఉండదు.

“ఒక్క నిమిషం ఇస్తాను,” అన్నాడు రిఫరీ.

సార్ పిల్లల్ని దగ్గరికి పిలిచాడు. “గోల్‌లో ఎవరు నిలబడతారు?”

ఒకడికి ఉన్నట్టుండి బూటు లేసు ఊడింది. ఇంకొకడు పిక్క పట్టుకుపోయిందన్నాడు. “నాకు ఎండ కళ్ళలో పడుతుంది సార్,” అన్నాడు మూడోవాడు. ఎండ వాడి వీపు వెనక ఉంది.

“నేను నిలబడతా సార్,” అన్నాడు గుమస్తా.

“నువ్వెప్పుడైనా నిలబడ్డావా?”

“లేదు సార్.”

సార్ ఒక్క క్షణం వాడి ముఖం చూశాడు. “జెర్సీ మార్చుకో.” తర్వాత బెంచీ వైపు తిరిగాడు. డిఫెండర్ల బదులు ఆడాల్సిన పిల్లలిద్దరినీ అప్పటికే ఆటలోకి దించేశాడు. ఇక మిగిలిన వాళ్ళలో పేరున్నవాళ్ళు ఫార్వర్డ్‌లే. “స్ప్రింగ్, నువ్వు మైదానంలోకి రా. వెనకే ఉండు. ముందుకు పరిగెత్తకు.”

స్ప్రింగ్ గాల్లోకి ఎగిరినంత పని చేశాడు. గుమస్తా పక్కకు పరిగెత్తుకొచ్చి, “ఒరే, నా పేరుందంట్రా,” అన్నాడు. “సార్ రాత్రికి రాత్రి మనసు మార్చుకున్నాడు. అదిగో మా తాత.”

గుమస్తా ఆ వైపు చూడలేదు. బీరువా జెర్సీ తల మీంచి వేసుకున్నాడు. అది మోకాళ్ళ దాకా వచ్చింది.

“ఇలా చూడు,” అంది తాడు అవతలి నుంచి గొడుగు. తడి గ్లవ్స్ విప్పి వాడి కాళ్ళ దగ్గరికి విసిరింది. “కాళ్ళు దగ్గరగా పెట్టకు. మడమలు నేలకి ఆనించకు.”

విజిల్ మోగింది.

మైదానం ముందు నుంచి చూసినప్పుడు గోల్ ఇంత చిన్నదా అనిపించేది. వెనక్కొచ్చి నిలబడితే ఇల్లంత ఉంది.

అవతలి జట్టు పదో నంబర్ పిల్లాడు బంతితో దూసుకొస్తున్నాడు. “వాడు తన్నేముందు ఎడమ భుజం దించుతాడు,” అంది వెనక నుంచి గొడుగు గొంతు, గబగబా. “దించితే నీ కుడివైపు. కాళ్ళు చూడకు, భుజం చూడు.”

భుజం దిగింది. గుమస్తా కళ్ళు మూసుకుని కుడివైపు పడ్డాడు. బంతి అరచేతికి తగిలి పక్కకు పోయింది.

“నీకెలా తెలుసు?” అన్నాడు లేస్తూ, రొప్పుతూ.

“ఇంతసేపూ కూర్చుని ఏం చేశాననుకున్నావు? లే, వాడు మళ్ళీ వస్తాడు.”

మళ్ళీ వచ్చారు. ఈసారి ఇద్దరు. సార్ మాట మరిచిపోయి స్ప్రింగ్, తాత కూర్చున్న వైపుగా బంతి వెంట పరిగెత్తి ఎక్కడో ముందు తేలాడు. మిగతా ఫార్వర్డ్‌లు అంతకు ముందే అక్కడున్నారు. మధ్యలో మైదానం మైదానమంతా ఖాళీ.

“వెనక్కి రండిరా,” అని గుమస్తా గొంతు చించుకున్నాడు. ఇన్నాళ్ళూ అటువైపు నిలబడి, వెనక నుంచి బీరువా పెట్టే ఈ కేకనే వాడు పట్టించుకునేవాడు కాదు.

ఇద్దరిలో ఒకడు తన్నబోయాడు. తన్నలేదు. పక్కవాడికి అందించాడు. గుమస్తా అప్పటికే ఒక పక్కకు దూకి పడిపోయి ఉన్నాడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ వలలోకి వెళ్ళింది.

రెండు రెండు.

“పోతే పోయింది,” అంది గొడుగు. “అది నేనున్నా ఆగేది కాదు. ఇంకా రెండు నిమిషాలుంది.”

ఆఖరి నిమిషంలో అవతలివాళ్ళకు కార్నర్ దొరికింది. గోల్ ముందు తొక్కిసలాట. ఎవరి మోచెయ్యో గుమస్తా పక్కటెముకల్లో దిగింది.

“గీత మీద నిలబడకు,” అంది గొడుగు. “బంతి లేవగానే బయటికి వచ్చి పిడికిలితో గుద్దెయ్. అంతమందిని చూసి భయపడకు, బంతిని చూడు.”

బంతి లేచింది.

“ఇప్పుడు రా.”

వాడి కాళ్ళు కదల్లేదు. రావాలని తెలుసు. కాళ్ళకు తెలియలేదు. అరడుగు వేసి ఆగాడు. ఆ ఆగిన చోటుకు జానెడు ముందు పదో నంబర్ పిల్లాడి తల బంతిని తాకింది.

మూడు రెండు. చివరి విజిల్ మోగింది. అవతలివాళ్ళు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు.

గుమస్తా వల పట్టుకుని నిలబడ్డాడు. “నువ్వయితే వచ్చేదానివా?” అన్నాడు వెనక్కి తిరగకుండా.

“వచ్చేదాన్ని,” అంది గొడుగు. “ప్రాక్టీసులో రోజూ నలభైసార్లు వస్తాను. మీరంతా అప్పటికి ఆ చివర గోల్స్ కొట్టుకుంటూ ఉంటారుగా.”

అందరూ డ్రెస్సింగ్ రూములోకి వచ్చారు. ఎవరో బూటు అడుగు నుంచి మట్టి గీకుతున్నారు. బీరువా కట్టు కట్టిన వేలు ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తున్నాడు. తలుపు తెరుచుకుని మేనేజర్ మేడమ్ లోపలికి వచ్చింది. అండర్ ట్వెల్వ్ నుంచి పెద్ద జట్టు దాకా క్లబ్‌లో ఎవరు ఏ జట్టును చూడాలో తేల్చేది ఆవిడే. చేతిలో ఆ ఫారం ఉంది.

“ఐదుగురు ఫార్వర్డ్‌లు,” అంది. “ఒక్క కీపర్. ఇలాంటి జాబితా ఎవరైనా పంపుతారా?”

“సంతకం నాదే మేడమ్,” అన్నాడు సార్.

“చదవకుండా పెట్టారా?”

“అవును. చదవాల్సింది.”

“ఆ వేలు నొప్పి ఆ పిల్లాడికి మూడు రోజులుగా ఉందని మీరే నాకు చెప్పారు. రెండో కీపర్‌ని సిద్ధంగా ఉంచానన్నారు. మరి ఇదేమిటి? నేను పైకి ఏమని రాయను? ఈ పిల్లల్ని వేరేవాళ్ళకి అప్పగించమంటారు, తెలుసుగా.”

“తెలుసు మేడమ్.”

గుమస్తా చేతులకు ఇంకా గొడుగు గ్లవ్స్ ఉన్నాయి. విప్పాలని కూడా తోచలేదు.

“సార్,” అన్నాడు స్ప్రింగ్ చిన్నగా. “నిన్న నాకు చోటు లేదన్నారుగా. మరి నన్నెందుకు రాశారు?”

సార్ వంగి నేల మీది సీసాలు ఏరడం మొదలుపెట్టాడు.

“నేనొకటి అడగొచ్చా సార్?” అంది గొడుగు.

“అడుగు తల్లీ.”

“ప్రాక్టీసులో నేను ఏదైనా సరిగ్గా చెయ్యట్లేదా? ఏమిటో చెబితే దిద్దుకుంటాను. చెప్పకుండా పేరు తీసేస్తే నాకెలా తెలుస్తుంది?”

ఆమె గొంతు మామూలుగానే ఉంది.

సార్ చేతిలో సీసా ఆగిపోయింది. అయినా గుమస్తా వైపు చూడలేదు. ఒక్కసారి చూస్తే చాలు, అందరికీ తెలిసిపోయేది. చూడకూడదని పట్టుబట్టి చూడటం లేదని గుమస్తాకు అర్థమైంది.

వాడు లేచి నిలబడ్డాడు.

“మేడమ్, ఆ రాత నాది,” అన్నాడు. “సార్ నోట్‌బుక్‌లో పదహారో పేరు గొడుగుది. నేను అది వదిలేసి స్ప్రింగ్ పేరు రాశాను. స్ప్రింగ్‌కి తెలీదు, వాణ్ణేమీ అనకండి. వాళ్ళ తాత అంత దూరం నుంచి వచ్చాడు కదా, వాడు ఐదు నిమిషాలైనా ఆడాలనుకున్నాను. సార్ నా మీద నమ్మకంతో చదవకుండా సంతకం పెట్టారు. మైదానంలో కాగితం చూడగానే ఆయనకి తెలిసిపోయింది. అయినా నా పేరు చెప్పలేదు. నేనే చెబుతానని చూశారు. నేను చెప్పలేదు. గోల్‌లో నిలబడితే సరిపోతుందనుకున్నాను.”

ఊపిరి తీసుకుని గొడుగు వైపు తిరిగాడు.

“నువ్వు ప్రాక్టీసులో ఏ తప్పూ చెయ్యలేదు. నీ పేరు నేను మర్చిపోలేదు కూడా. పదహారు పేర్లూ వరుసగా చూసుకున్నాను, ఎవరిది తీసేద్దామా అని. ఎవరిది తీసినా వాళ్ళు గొడవ చేస్తారనిపించింది. నీది తీస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. నీక్కూడా.”