రేజరు మీద ఒకటో నంబరు

ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మేడం. ఆ పేరు పెట్టింది భర్త నడిపే డ్రైవింగు స్కూల్లో కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. పక్కసీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని అరిచేది మేస్టారు, అంటే ఆ భర్త. ఆ అరుపులు పడి ముఖాలు వేలాడేసుకుని వచ్చినవాళ్ళని ఆఫీసులో బుజ్జగించి, మర్నాడు మళ్ళీ వచ్చేలా చేసేది మేడం. పాతికేళ్ళుగా స్కూలూ సంసారమూ రెండూ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఆవేళ ఇంకాస్త ముందే లేచారు. లేవక ఏం చేస్తారు? పదింటికి ఫోటో! స్కూలుకి కొత్త బోర్డు పెట్టిస్తున్నారు. దాని మీద తమ ఇద్దరి ముఖాలూ వీధి చివరికి కూడా కనపడేంత పెద్దవిగా ఉండాలని మేస్టారి పట్టు. తీసేది సొంత అల్లుడే, అతనికి ఫోటో స్టూడియో ఉంది. తమ ఇంటి పైకప్పు తీసి మళ్ళీ వేయిస్తున్నారని కూతురూ అల్లుడూ నెలరోజులుగా ఇక్కడే ఉంటున్నారు. రాత్రి నుంచీ మేడంకి ఒకటే సంబరం, దాని వెనకే ఒకటే దడ. అంత పెద్ద ముఖం, అంత దగ్గరగా!

స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టి, లోపలి చప్పుడు బయటికి వినపడకుండా కొళాయి తిప్పి, అరలోంచి భర్త రేజరు తీశారు.

మూడు వారాల కిందట తండ్రి పుట్టినరోజుకి కూతురు కొనిచ్చిన రేజరు అది. అల్లాటప్పా రకం కాదు. పిడి పైన చిన్న చక్రం, దాని మీద అంకెలు. ఒకటి మీద పెడితే బ్లేడు అంచు కనపడీ కనపడనట్టుండి మెత్తగా గీస్తుంది. అంకె పెంచినకొద్దీ సందు పెరిగి పదును బయటికొస్తుంది. అది ఎంచడానికి కొట్టుకి తల్లీ కూతుళ్ళిద్దరూ వెళ్ళారు. కూతురు మెరుపులు చూసింది. తల్లి మాత్రం ఒక్కో రేజరునీ చేతిలో పెట్టుకుని బరువు చూసి, చక్రం అటూ ఇటూ తిప్పి, ఈ ఒక్కదాన్నీ పక్కకి తీశారు.

"చర్మం పలచగా ఉన్నవాళ్ళు ఏ నంబరు పెట్టుకోవాలి బాబూ?" అని కొట్లో అతన్ని అడిగారు.

"ఒకటి దాటకండమ్మా. ఒత్తకూడదు. దాని బరువే దానికి చాలు."

కూతురు పకపకా నవ్వింది. "నాన్నది పలచటి చర్మమా? కారు టైరు నయం!"

"ఊరికే అడిగాన్లే," అన్నారు తల్లి.

ఊరికే కాదు. కూతురు పుట్టిన ఏడాది నుంచీ ఆవిడ చుబుకం కింద బిరుసుగా వెంట్రుకలు రావడం మొదలైంది. మొదట్లో పీక్కునేవారు, ఎర్రగా కందిపోయేది. తరవాత మొగుడి పాత రేజరే దిక్కయింది. గుండీల డబ్బాలో దాచుకున్న తన బ్లేడు వేసి, పని కాగానే ఆయన బ్లేడు మళ్ళీ బిగించి పెట్టేసేవారు. పాత రేజరుకి నోరు లేదు. ఈ కొత్తదానికి అంకెలొచ్చు. అందుకే రోజూ ఒకటి మీద తన పని కానిచ్చి, బయటికి వచ్చేముందు చక్రాన్ని ఆయన పెట్టుకునే అయిదు మీదికి తిప్పి పెట్టేవారు.

ఆవేళ ఫోటో కదా అని రెండోసారి నురగ పట్టించి, చర్మం లాగి పట్టుకుని, మరీ నిదానంగా గీసుకుంటున్నారు. ఇంతలో తలుపు దబదబా మోగింది.

"అమ్మా, ఎంతసేపే! మీ అల్లుడు స్టూడియో నుంచి లైట్లు తెచ్చుకోవాలట, త్వరగా రా!"

"వస్తున్నా, వస్తున్నా!" గబగబా బ్లేడు మార్చి, రేజరు తుడిచి, అరలో పెట్టి బయటపడ్డారు. చక్రం మాత్రం ఒకటి మీదే ఉండిపోయింది.

అల్లుడు స్నానం చేసి వెళ్ళి లైట్లతో తిరిగొచ్చి కాఫీకి కూర్చునేసరికి, మేస్టారు కూనిరాగం తీస్తూ స్నానాలగదిలోకి వెళ్ళారు. కళ్ళజోడు లేదు. ముఖం నిండా నురగ పట్టించి గీశారు. రేజరు జారిపోతోందే గాని గడ్డం తెగడం లేదు. ఇంకాస్త ఒత్తారు. ఇంకొంచెం ఒత్తారు. అంతే, ఇల్లు దద్దరిల్లేలా కేక వినపడింది.

మరుక్షణం ఆయన హాల్లో ఉన్నారు. ముఖం సగం నున్నగా, సగం నురగగా ఉంది. దవడ మీంచి నెత్తురు కారుతోంది.

"నా రేజరు ముట్టుకున్నదెవరు?"

"అయ్యో, నెత్తురండీ!" అన్నారు మేడం.

"నెత్తురు సంగతి తరవాత! నేను వదిలింది అయిదు మీద. ఇప్పుడున్నది ఒకటి మీద. సీటు జరిగి ఉందంటే ఎవరో కూర్చున్నట్టే! నా కారులో సీటు వేలెడు జరిగితే పట్టేసేవాణ్ణి, నా దగ్గరా ఈ వేషాలు?"

మేడం చెయ్యి తనకు తెలియకుండానే చుబుకం మీదికి వెళ్ళింది. ఆయన చూడలేదు. ఆయన లెక్కలో ఆయనున్నారు.

"ఈ ఇంట్లో మగాళ్ళం ఇద్దరం. నేను కాదు," అంటూ చూపు కాఫీ తాగుతున్న అల్లుడి మీదికి తిప్పారు. అల్లుడికి చక్కగా కత్తిరించిన గడ్డం ఉంది.

కూతురు భగ్గుమంది. "నాన్నా! ఆయనకి గడ్డం మిషనుంది. మీ రేజరుతో ఏం పని?"

"అంచులు చెక్కుకోవడానికి ముచ్చటేసిందేమో! అడిగితే ఇవ్వనా? అల్లుడని నెత్తిన పెట్టుకున్నాం కదా, ఈ దొంగతనం దేనికి?"

ఆ మాట పడగానే కూతురు మొగుడి పక్కకి వచ్చి నిలబడింది.

"దొంగతనమా? మా ఆయన దొంగా? లేవండి, మనింటికి పోదాం."

"మీ ఇంటికి కప్పు లేదే పిచ్చిదానా!" అన్నారు తల్లి.

"లేకపోతే ఆకాశం ఉంది!"

అల్లుడు కప్పు కింద పెట్టాడు. ఒక్కసారి అత్తగారి వైపు చూశాడు. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు, చెయ్యి ఇంకా చుబుకం మీదే ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

"నేనే వాడాను మామయ్యగారూ. అడక్కుండా తీసుకోవడం తప్పే."

"చూశావటే!" మేస్టారు గెలిచారు గాని, గెలిచి ఊరుకుంటే ఆయన మేస్టారెందుకవుతారు? "ఇలాంటి మనిషి చేత నా బోర్డుకి ఫోటో తీయించుకోవాలా? ఊళ్ళో ఇంకో స్టూడియోనే లేదా?"

కూతురు అయోమయంగా మొగుడి మెడ వైపు చూసింది. "మరి ఇదేంటండీ? వారం నుంచీ మెడ మీద గీసుకోనేలేదు, దుబ్బులా పెరిగి ఉంది! చెయ్యని పని ఎందుకు ఒప్పుకుంటున్నారు?" అతను లైట్ల తీగలు చుట్టబెట్టడం మొదలుపెట్టాడు. అది చూసి ఆమెకి ఏడుపొచ్చింది. గదిలోకి పోయి పెట్టె లాగింది. బట్టలు అందులో పడుతున్న చప్పుడు హాల్లోకి వినపడుతోంది.

మేడం నోరు మూసుకుంటే పాతికేళ్ళ గుట్టు అలాగే ఉంటుంది. కాని తన మూలంగా పరాయి తల్లి కన్న బిడ్డ దొంగ అనిపించుకుని గుమ్మం దాటతాడు, వెనకే కన్నకూతురు. ఈ గుట్టు అంత ఖరీదైనదా? కాదు. ముమ్మాటికీ కాదు.

"ఆగండి. అందరూ ఆగండి. రేజరు వాడింది నేను."

మేస్టారు ఫక్కున నవ్వారు. "నువ్వా? దేనికి, పెన్సిళ్ళు చెక్కడానికా? అల్లుణ్ణి వెనకేసుకు రావడానికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

ఆవిడ తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, ఎండలోకి చుబుకం ఎత్తి నిలబడ్డారు. తొందరలో వదిలేసిన చోట నాలుగైదు నల్లటి మొనలు కనపడుతున్నాయి.

"దీనికి. పిల్ల పుట్టినప్పటి నుంచీ దీనికే. ఒక్కరోజు కూడా మీకంటే వెనక లేవలేదు నేను. జ్వరమొచ్చినా లేచాను. కడుపు ఆపరేషనుకి ఆస్పత్రిలో ఉన్నప్పుడు రేజరు లేదని, పంటినొప్పి వంక పెట్టి మఫ్లరు చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. మీరు చూస్తే... మీరు చూస్తారని భయం."

మేస్టారు కుర్చీలో కూలబడ్డారు.

ఆస్పత్రిలో ఆ రోజులు ఆయనకి బాగా గుర్తు. తన మీద కోపంతోనే అటు తిరిగి పడుకుందనుకుని, లోపల కుర్చీ ఖాళీగా ఉన్నా వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. అంతకు ముందు సంగతీ గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆవిడ అలిగితే గడ్డం పట్టుకుని బతిమాలేవారు, ఆవిడ నవ్వేసేది. పిల్ల పుట్టాక చెయ్యి చాపితే చాలు, తల విదిలించుకునేది. ఒకసారి, రెండుసార్లు, ఆ తరవాత ఆయన చెయ్యి చాపడమే మానేశారు. బతిమాలడం పోయి అరవడం వచ్చింది.

"నేనంటే నీకు ఇష్టం పోయిందనుకున్నానే," అన్నారు. "ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

ఇద్దరి కళ్ళూ నిండిపోయాయి. ఆయన కన్నీళ్ళు మాత్రం సగం ముఖం మీద నురగలో ఇంకిపోయాయి.

గదిలోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది. "అందుకా అమ్మా, కొట్లో పలచటి చర్మం అని అడిగావు!" అంటూ తల్లి పక్కన కిటికీ దగ్గర తనూ తల పైకెత్తింది. "ఇదిగో, ఇక్కడ చూడు. నాకూ రెండొచ్చాయి. లోకంలో నాకొక్కదానికే అనుకుని చచ్చిపోతున్నాను. నువ్వు ముందే చెప్పి ఉంటేనా!"

తల్లి తడిమి చూశారు. "రెండు కాదే, మూడు!" అన్నారు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఏడుస్తూనే కడుపుబ్బా నవ్వారు.

మేస్టారు అల్లుడి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. "మీకు ముందే తెలుసా?"

"నిన్న సాయంత్రం వెలుతురు సరిచూడటానికి అత్తయ్యగారి ఫోటో తీసినప్పుడు కనపడింది. మా స్టూడియోకి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుంది మామయ్యగారూ. కాని ఆ మాట చెప్తే ఆవిడే చెప్పాలి, నేను కాదు."

"అందుకని దొంగ అనిపించుకుంటారా?"

"మీ కోపం కాఫీ చల్లారేదాకానే కదా."

మేస్టారు తల దించుకున్నారు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను బాబూ. రివర్సు గేరు వెయ్యడం నాకు బాగా వచ్చు. ఇంట్లోనే ఎప్పుడూ వెయ్యలేదు." ఆపైన భార్య దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెయ్యి చాపారు. ఆవిడ అలవాటుగా తల వెనక్కి తీసుకోబోయి, ఆగిపోయారు. ఆయన వేళ్ళు ఆవిడ చుబుకాన్ని పట్టుకున్నాయి.

"బతిమాలుతున్నాను. ఫోటోకి రా."

"వస్తాను గాని," అన్నారు ఆవిడ ముక్కు ఎగబీల్చుకుంటూ, "ముందు ఆ సగం ముఖం సంగతి తేల్చాలి. రండి."

స్నానాలగది తలుపు బార్లా తెరిచి, అద్దం ముందు ఆయన్ని నిలబెట్టారు. కూతురూ అల్లుడూ గుమ్మంలో నిలబడి తమాషా చూస్తున్నారు.

"కారెక్కగానే సీటూ అద్దమూ చూసుకోమని ఊరందరికీ చెప్తారు కదా, అంకె చూసుకోకుండా గీసుకున్నదెవరు?"

"నేనే," అన్నారు మేస్టారు బుద్ధిగా.

"అయిదెందుకు మీకు? రోజూ మంటని సణుగుతారు. మూడు చాలు. వేడినీళ్ళు అద్దండి. చర్మం లాగి పట్టుకోండి. రేజరు కాస్త వాల్చి, వెంట్రుక వాలిన వైపే... ఒత్తకండి! బ్రేకు! బ్రేకు!"

ఆ అరుపుకి ఇల్లంతా ఘొల్లుమంది. మేస్టారు నవ్వాపుకుని, ఊపిరి బిగబట్టి, కొత్తగా స్టీరింగు పట్టినవాడిలా జాగ్రత్తగా గీశారు. మళ్ళీ గాటు పడలేదు. చేత్తో చెంప తడుముకుని "ఎంత నున్నగా వచ్చిందే!" అని మురిసిపోయారు.

పదింటికి అనుకున్న ఫోటో పదకొండింటికి పడింది. మేస్టారి దవడ మీద గాటుకి అంటించిన కాగితం ముక్క అలాగే ఉంది. మేడం కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇద్దరూ మాత్రం పెళ్ళిరోజున కూడా అంత దగ్గరగా నిలబడి ఉండరు.

"ముఖాలు కాస్త సరిచేసి నున్నగా చెయ్యనా మామయ్యగారూ?" అని అడిగాడు అల్లుడు.

"నా కాగితం ముక్క ఏమైనా చేసుకోండి. ఈవిడ ముఖంలో చుక్క కూడా ముట్టుకోవద్దు."

మర్నాడు పొద్దున్న మేడం మామూలుగానే అందరికన్నా ముందు లేచారు. స్నానాలగదిలోకి వెళ్ళి రేజరు అందుకున్నారు. నిన్న మేస్టారు గీసుకున్నాక మూడు మీద వదిలారు. ఇప్పుడు చక్రం ఒకటి మీద ఉంది. గడియ మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. తలుపు ఓరగా వదిలేసి, కొళాయి తిప్పకుండా, తన బ్లేడు వేసి పని కానిచ్చారు. రేజరు చేస్తున్న సన్నటి గరగర పడకగదిలోకి వినపడుతూనే ఉంది.

ముఖం తుడుచుకుని, ఆయన బ్లేడు బిగించి చక్రాన్ని మూడు మీదికి తిప్పబోతుంటే పడకగదిలోంచి మేస్టారి కేక వినపడింది.

"తిప్పకు! అలాగే ఉంచు. ఎక్కేవాడే సీటు సరిచేసుకోవాలి."

మేడం నవ్వుకుని, రేజరుని ఒకటి మీదే అరలో పెట్టి వచ్చారు.