చేతికి రాసుకున్న నెయ్యి

"దీంట్ల పల్లీలు. దీంట్ల పాలపొడి. దీంట్ల సోయా. మీ షాపుల మనుషులు తినేది ఏమన్నా ఉన్నదా?"

తల్లాడ సెంటర్‌లో కొత్తగా షాపు పెట్టిన జస్టిన్‌కి ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్న అమ్మాయి అరగంటగా స్నాక్ బార్లన్నీ తిరగేసి, వెనక చిన్న అక్షరాలు చదివి, ఒక్కటీ కొనకుండా పెట్టేస్తోంది.

"మేడం, ఇది షాపు. లైబ్రరీ కాదు."

"నాకేమన్న సరదానా? దద్దుర్లొచ్చి మొహం బూరె లెక్క ఉబ్బుతుంటే ఖమ్మం డాక్టర్ పథ్యం పెట్టిండు. పాలు, గోధుమ, పల్లీ, గుడ్డు, సోయా ముట్టొద్దు. ఆరు వారాలు. నడుమ వీటిల ఏది నోట్ల పడ్డా మళ్ళ ఒకటో రోజు నుంచి మొదలు."

ఆమె పేరు భార్గవి. రోజూ బస్సులో ఏన్కూరు వెళ్ళి, వ్యవసాయ శాఖ తరఫున మిర్చి చేలల్లో తిరిగే ఉద్యోగం. సంచీలో తినడానికి ఏదో ఒకటి లేకపోతే కళ్ళు తిరుగుతాయి. జస్టిన్ కోపం అక్కడే చల్లారింది.

ఆ తర్వాత అతనే కొత్త బార్లు తెప్పించి, ముందే చదివి పెట్టేవాడు.

"ఖర్జూరం, గుమ్మడి గింజలే మేడం."

"కింద సదివిండ్రా? పాలు తగిలి ఉండొచ్చని రాసిండ్రు."

ఆమె నవ్వితే చాలు, ఆ రోజు గిరాకీ లేకపోయినా దిగులుండేది కాదు. ఫోన్ నంబర్ అడిగే ధైర్యం మాత్రం రాలేదు.

పథ్యం నలభయ్యో రోజున తల్లి మరియతో ఇప్పపువ్వు, ఖర్జూరం దంచించి, బార్లు చేయించి, బస్సెక్కుతున్న భార్గవి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి మురిసిపోతూ అడిగాడు.

"అంత నున్నగ ఎట్ల చేసినవే అమ్మా?"

"చేతులకు జరంత నెయ్యి రాసుకున్న."

"నెయ్యా! పాలు వద్దని చెప్పిన కద!"

"నేను పాలేడ పోసినరా? నెయ్యి పాలెట్లయితది?"

జస్టిన్ బండి తీశాడు. దారిలో వాన పట్టుకుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అని ఒక్క క్షణం అనిపించి, సిగ్గేసి, వేగం పెంచాడు.

ఏన్కూరులో ఆఫీసు వరండాలో, రైతుల మధ్య, భార్గవి అప్పుడే బార్ నోటిదాకా తెచ్చింది.

"తినకండి! నెయ్యి!"

అందరూ తిరిగి చూశారు. అతను ముద్దగా తడిసి ఉన్నాడు.

"మా అమ్మ చేతులకు రాసుకున్నది. అడగకుండ ఇచ్చుడు నాదే తప్పు."

భార్గవి బార్ దించింది. "చెప్పకపోతే నాకు తెల్వకపోవు."

"నాకు తెలుసు కద."

ఆమె బార్‌ను తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఎల్లుండితో పథ్యం అయిపోతది. తర్వాత ఒక్కొక్కటే తిని చూడాలె. తిన్నప్పుడు దవాఖానాకు తీస్కపోయే మనిషి పక్కన ఉండాలన్నడు డాక్టర్. వస్తరా?"

జస్టిన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఐదు రకాలు. ఒక్కోదానికి ఎన్ని రోజులు?"

"మూడు."

"పదిహేనే? నాకు చాలవు మేడం. మీరంటే నాకు ఇష్టం."

రైతుల్లో ఎవరో దగ్గారు. భార్గవి మొహం ఎర్రబడింది, దద్దుర్ల వల్ల కాదు.

"అయితే నిదానంగ తింట తియ్యండి," అంది.