పన్నెండు నిమిషాల గాలి

“సముద్రంలో మన ఆయిల్ ప్లాట్‌ఫామ్ మూడో కాలికి బాంబు కట్టారు. నలభై మీటర్ల లోతు. టైమర్ పదిన్నరకి. పైనున్న అరవై మందిని కదిలిస్తే విదేశీ ముఠాకి తెలిసిపోతుంది, ముందే పేల్చేస్తారు,” అన్నాడు చీఫ్. ఏజెంట్ పొట్ట వంక చూశాడు. “తాబేలూ, దీన్నేసుకుని ఎలా దిగుతావయ్యా?”

“దిగేది కండలతో కాదు సార్, ఊపిరితో.”

తాబేలు అన్నది అతని నిదానం చూసి ఆఫీసు పెట్టిన పేరు.

చేపలు పట్టేవాళ్ళ వేషంలో పడవెక్కాక అతని ప్రాణం ఉసూరుమంది. డైవింగ్ కోచ్‌గా వచ్చింది అతని మాజీ భార్య. యోగా పద్ధతిలో ఊపిరి పీల్చడం నేర్పింది ఆవిడే. ఏడాదిన్నర కిందట విడాకుల కాగితాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయిందీ ఆవిడే.

“సిలిండర్ ఫుల్‌గా ఉంది,” అంటూ బెల్టు బిగించింది. పాడు మనసు, ఆ మాత్రానికే కరిగిపోయింది.

పడవని దూరంగా నిలిపారు. పదీ పదికి దిగాడు. బాంబు మూతకి పది బోల్టులు. ఆరోది విప్పుతూ, గాలి ఎంతుందో చూపే గేజ్ చూశాడు. ముల్లు ఫుల్ దగ్గరే ఉంది! వేలితో తట్టాడు. కదల్లేదు. కావాలనే ఇరికించారు. అంటే సిలిండర్‌లో గాలి ఎంతుందో దేవుడికే తెలియాలి. పొద్దుట్నుంచీ దాన్ని ముట్టుకున్నది ఒక్క మనిషే.

కడుపు రగిలిపోయింది. కానీ ఆ లోతులో గాలి పైకన్నా ఐదింతలు ఖర్చవుతుంది, కోపమొస్తే ఇంకా ఎక్కువ. అదీ ఆవిడ పాఠమే. పైకి వెళ్ళాక కోపపడదామని వాయిదా వేశాడు. నాలుగు అంకెలకి పీల్చి, ఎనిమిది అంకెలకి వదిలాడు. ఎక్కడా బిగబట్టలేదు.

పదో బోల్టు ఊడింది. వైరు కత్తిరించాడు. టైమర్ మూడు సెకన్ల దగ్గర ఆగింది.

మెల్లగా పైకి తేలాడు. లోతు నుంచి ఒక్కసారిగా తేలితే ప్రాణానికే ముప్పు కనుక, చివరి ఐదు మీటర్ల దగ్గర ఆగాల్సినంతసేపూ ఆగాడు. అక్కడ సిలిండర్‌లో గాలి పీల్చినా రానని మొరాయించింది. ఉన్న ఊపిరి వదులుతూ బయటపడి, పడవ దాకా ఈదాడు.

ఆవిడ వాచీ చూసుకుంటోంది. అతన్ని చూసి మొహం పాలిపోయింది.

“పన్నెండు నిమిషాలకే అయిపోవాలి. నీ ఊపిరి లెక్క నాకు తెలీదా?”

“అది నువ్వున్నప్పటి లెక్క. నువ్వెళ్ళాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. రోజూ పొద్దున్నే నువ్వు నేర్పిందే చేస్తూ కూర్చున్నా. ఎప్పటికైనా వచ్చి చూస్తావేమోనని.”

ఆవిడ తల తిప్పుకుంది. అంతా విన్న పడవ నడిపే ఆఫీసు మనిషి, ముఠాకి అమ్ముడుపోయిన ఆవిడ చేతులకి బేడీలు వేశాడు.

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. “శభాష్ తాబేలూ! ఇంత ఫిట్‌నెస్ ఎలా వచ్చిందయ్యా నీకు?”

“విడాకులు సార్,” అన్నాడు తాబేలు. “దాన్ని మించిన ఎక్సర్‌సైజ్ లేదు.”