ఆపరేషన్ చిన్న బ్యాటరీ

"దుభాషిని నాలుగు గంటల విమానం ఎక్కించాలి," అన్నాడు పెద్దాయన. "ఎక్కించలేకపోతే అతని ఫోటో రేపు పేపర్లో చూస్తాం."

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని ఆఫీసులో కంపౌండర్ అంటారు. ఏ పని చేసినా చేతులు వణకవు కాబట్టి ఆ పేరు వచ్చింది. పెద్దాయన ఆ విభాగానికి అధిపతి. దుభాషి ఆరేళ్లు ఒక విదేశీ ముఠాకి మాటలు తర్జుమా చేసి, విన్నదంతా మనసులో పెట్టుకుని, నెల క్రితం ఇటు వచ్చేశాడు. ఆ ముఠాని ఫైళ్లలో వడ్రంగులు అని రాస్తారు. దుభాషి ఇప్పుడు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై గదిలో ఉన్నాడు. భార్యనీ కూతుర్నీ ఉదయమే విమానాశ్రయానికి పంపేశారు.

"బండి?"

"క్లినిక్ సెల్లార్లో బూడిదరంగు హైబ్రిడ్ కారు. పెట్టి తొమ్మిది రోజులైంది. రూలు తెలుసుగా, స్టాండ్‌బై బండిని పని పడేదాకా ఎవరూ కదిలించరు. నిన్న చుట్టూ డిటెక్టర్ తిప్పి చూశారు. క్లీన్."

"ఆ డిటెక్టర్ని మరీ నమ్మకు అల్లుడూ," అంది కిటికీ పక్కన కూర్చున్నావిడ. ఆవిడ పరికరాల విభాగం హెడ్. అందరికీ అత్తయ్య. నలభై దాటని ఆఫీసరు ఎవరైనా ఆవిడకి అల్లుడే. "అది బాంబులో ఉండే బ్యాటరీని పసిగడుతుంది. వడ్రంగుల బాంబులో బ్యాటరీయే ఉండదు. ఎక్కడ పెడితే అక్కడి కరెంటు వాడుకుంటారు. పోయినసారి లిఫ్టులో పెట్టారు. లిఫ్టు కరెంటుతోనే పేలింది."

కంపౌండర్ తలూపాడు. "క్లినిక్‌లో మన మనిషి ఎవరు?"

"గాయని," అన్నాడు పెద్దాయన. ఆమె పెద్ద హోటళ్లలో పాడుతుంది. వడ్రంగుల దగ్గరా జీతం తీసుకుంటుంది, ఇక్కడా తీసుకుంటుంది. "ప్రస్తుతం మనవైపే ఉంది."

"అని ఎవరు చెప్పారు?"

"తనే."

* * *

మూడింటికి కంపౌండర్ డాక్టరు తెల్లకోటు వేసుకుని సెల్లార్లోకి దిగాడు. కర్ర చివర బిగించిన అద్దంతో బండి అడుగంతా చూశాడు. ఏమీ లేదు. రిమోట్ తాళం నొక్కాడు. బండి పలకలేదు. మళ్లీ నొక్కాడు.

"అత్తయ్యా, బండి చచ్చింది," అన్నాడు కాలర్ మైకులో.

"ఆ రిమోట్ లోపలే చిన్న ఇనప తాళం ఉంటుంది, లాగు. డ్రైవర్ తలుపుకి పడుతుంది."

తలుపు తెరుచుకుంది. స్టార్ట్ బటన్ నొక్కాడు. డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు.

"పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ పోయింది," అంది అత్తయ్య చెవిలో. "బండి నడిపేది పెద్ద బ్యాటరీ. అది నిండుగానే ఉంటుంది. కానీ దాన్ని కలపాల్సిన కంప్యూటర్ని లేపేది ఈ చిన్నదే. కోట నిండా సైన్యం ఉంది, గేటు తీసేవాడు పడుకున్నాడు."

"చిన్నది ఎక్కడుంది?"

"డిక్కీలో."

"డిక్కీ రావట్లేదు."

"రాదు. దాని తాళానికి కరెంటు ఇచ్చేదీ ఆ బ్యాటరీయే."

"దీన్ని ఎవడు తయారుచేశాడండీ?"

"వడ్రంగులు మాత్రం కాదులే. బానెట్ ఎత్తు. ఫ్యూజ్ బాక్స్‌లో ఎర్ర మూత ఉంటుంది. దాని కింది ముక్కకి బయటి నుంచి కరెంటు ఇస్తే చాలు. ఇంజన్ తిప్పక్కర్లేదు కాబట్టి చిన్న బ్యాటరీ అయినా సరిపోతుంది."

లిఫ్టు ఆగింది. గాయని ముందు, దుభాషి వెనక. దుభాషి దవడకి కట్టు కట్టి ఉంది.

"పన్ను కదులుతోందా?" అడిగాడు కంపౌండర్.

"నెల రోజుల నుంచి," అన్నాడు దుభాషి. కోడ్ సరిపోయింది.

"ముందు ఆయన్ని కూర్చోబెట్టండి డాక్టర్ గారూ, ఎవరైనా చూస్తారు," అంది గాయని. దుభాషి వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాడు. ఆమె వెనక్కి నడిచి పిల్లర్ అవతల నిలబడి, బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. కాసేపు పట్టుకుని మళ్లీ లోపల పెట్టింది.

"బండి స్టార్ట్ అవట్లేదు," అన్నాడు కంపౌండర్. "బ్యాటరీ పోయింది."

"పూర్తిగానా?"

"పూర్తిగా. మీ బండిలో వెళ్దాం."

ఆమె కారు ర్యాంపు పక్కనే ఉంది.

"నా బండి నంబరు వడ్రంగులకి నోటికొచ్చు. గేటు బయట బైకు మీద ఇద్దరున్నారు."

"అయితే మీ బండి పక్కకి తెండి. దాంతో దీన్ని లేపుతాను."

"కేబుళ్లు ఇస్తాను. బండి ఆ సందులో పట్టదు, గీతలు పడతాయి."

కంపౌండర్ సందు వైపు చూశాడు. లారీ పట్టేంత ఉంది. గోడకున్న కెమెరాల యూపీఎస్ పెట్టె ఊడదీసి, అందులోని బ్యాటరీని బానెట్ పక్కన పెట్టాడు. ఎర్ర కేబుల్ ఒక చివర ఎర్ర మూత కింద, ఇంకో చివర యూపీఎస్ బ్యాటరీకి బిగించాడు. నల్ల కేబుల్ బ్యాటరీకి తగిలించాడు. దాని రెండో చివర ఇంజన్ దగ్గర రంగు లేని బోల్టుకి పట్టించాలి. అదొక్కటే మిగిలింది.

"టైముకి వెళ్తామా సార్?" అడిగాడు దుభాషి లోపల్నుంచి. "మా అమ్మాయికి విమానమంటే భయం. పక్కన కూర్చుంటానని మాటిచ్చాను."

"వెళ్తాం."

క్లిప్పు నోరు తెరిచి బోల్టు మీదికి తెచ్చాడు. మడ్‌గార్డు మీద పెట్టిన అద్దంలో గాయని కనబడింది. మళ్లీ లిప్‌స్టిక్ తీసింది. బొటనవేలు దాని అడుగున ఉంది. పెదవుల దాకా తీసుకెళ్లలేదు.

క్లిప్పు బోల్టుకి వేలెడు దూరంలో ఆగింది.

"అత్తయ్యా," అన్నాడు గొంతు తగ్గించి, "ఈ బ్యాటరీ ఎంత పాతది?"

"పాతదేంటి? మూడు వారాల క్రితం నేనే మార్పించాను."

"తొమ్మిది రోజులు ఊరికే నిలబెడితే పోతుందా?"

"నెల నిలబెట్టినా పోదు. ఏదో ఒకటి దాన్ని తాగుతూ ఉంటే తప్ప."

అంటూనే అత్తయ్య గొంతు తగ్గించింది.

"అల్లుడూ, ఆ క్లిప్పు పెట్టావా?"

"లేదు."

"పెట్టకు."

అతని చెయ్యి కదల్లేదు. తల మాత్రం తిప్పాడు.

"మేడమ్, చిన్న సాయం. వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చోండి. నేను తగిలించగానే బటన్ నొక్కాలి."

"ఆయనతో నొక్కించండి."

"ఆయన చేతులు వణుకుతున్నాయి."

"నాకు కరెంటంటే భయం."

"రోజూ మైకు పట్టుకునే పనే కదండీ మీది."

గాయని నవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

కంపౌండర్ నల్ల క్లిప్పుని నేల మీదికి వదిలి, రెండో చేత్తో ఎర్ర క్లిప్పుని పీకేశాడు. కోటులోంచి పిస్టల్ తీశాడు.

"దుభాషి గారూ, దిగండి. మేడమ్, ఆ లిప్‌స్టిక్ కింద పెట్టండి. ఇందాకటి నుంచి తీస్తున్నారు, ఒక్కసారీ పూసుకోలేదు."

ఆమె లిప్‌స్టిక్ వైపు చూసింది. పారిపోయే దారి వైపు చూసింది. వంగి కింద పెట్టింది.

"నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది," అంది. "ఇదే చెడిపోయిందనుకున్నాను."

"అది బాగానే ఉంది. బండే చెడిపోయింది."

బేడీతో ఆమెని నీళ్ల పైపుకి బిగించి, కారు తాళాలు, నల్లకళ్లద్దాలు, తలకి చుట్టుకున్న స్కార్ఫు తీసుకున్నాడు.

"అది ఖరీదైంది, జాగ్రత్త," అంది గాయని.

"ఉతికించి పంపిస్తానండీ."

ఆమెది మామూలు పెట్రోలు బండి. తాళం తిప్పగానే పలికింది. దుభాషి వెనక సీటు కింద పడుకున్నాడు. గేటు బయట బైకు మీదున్న ఇద్దరూ ఆ నంబరు చూశారు, లోపల స్కార్ఫుని చూశారు. గాయనే వెళ్తోందనుకుని బైకు పక్కకి తీసి దారిచ్చారు. ఒకడు చెయ్యి ఊపాడు. కంపౌండర్ కూడా ఊపాడు.

వాళ్లు చేరేసరికి విమానం మెట్లు తీసేయబోతున్నారు. మెట్ల మీద ఒక అమ్మాయి రైలింగు పట్టుకుని, లోపలికి రమ్మంటే రానని నిలబడి ఉంది. దవడకి కట్టుతో పరుగెత్తుకొస్తున్న మనిషిని ముందు పోల్చుకోలేదు. తర్వాత రైలింగు వదిలేసింది.

* * *

సాయంత్రం అత్తయ్య మనుషులు వెనక సీటు ఊడదీసి డిక్కీలోకి దూరారు. చిన్న బ్యాటరీ వెనక ఒక పొట్లం ఉంది. పొట్లంలోంచి రెండు వైర్లు బ్యాటరీకి వెళ్లాయి. లోపలి రిసీవర్ వారం రోజులుగా లిప్‌స్టిక్ సిగ్నల్ కోసం మేలుకుని, ఆ బ్యాటరీనే తాగుతూ కూర్చుంది. చివరికి తనూ పస్తు పడుకుంది. ఆ నల్ల క్లిప్పు బోల్టుకి తగిలుంటే బండితో పాటు దానికీ ప్రాణం వచ్చేది.

పొట్లం పెట్టినవాడు మర్నాడు దొరికాడు. వారం క్రితం కుళాయి బాగుచేసే వేషంలో క్లినిక్‌కి వచ్చాడట.

"హైబ్రిడ్ కదా," అన్నాడు విచారణ గదిలో. "అంత పెద్ద బ్యాటరీ ఉంది, చిన్నది అయిపోతే అదే నింపుతుందనుకున్నా."

"బండి ఆగి ఉన్నప్పుడు పెద్దది దేనికీ కలిసి ఉండదు నాయనా," అంది అత్తయ్య. "ఆ సంగతి బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. బండిలో బాంబు పెట్టేటప్పుడు పుస్తకం కూడా చదవాలి."

వారం తర్వాత స్టోర్స్ గుమస్తా అత్తయ్యకి ఫోన్ చేశాడు. మూడు వారాల క్రితం వేసిన బ్యాటరీకి మళ్లీ కొత్తది అడుగుతున్నారు, కారణం ఏం రాయమంటారని అడిగాడు.

"విధి నిర్వహణలో ప్రాణాలు వదిలింది అని రాయండి."