తొంభైతొమ్మిది దగ్గర ఆగిన యంత్రం

కంచికచర్ల దాటాక బస్సులో ప్రమీలారాణి పక్క సీటు ఖాళీ అయింది. ఒళ్లో గోనెసంచి పెట్టుకుని ఓ పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.

“మిర్చి ఘాటుగా ఉందాండీ?” అని అడిగింది.

“నిరుటంత లేదమ్మా.”

కోడ్ సరిపోయింది. ఆయన వరప్రసాదరావు, బ్యూరో చీఫ్. ఆమె ఆయన దగ్గర ఇరవై ఏడేళ్లుగా సీక్రెట్ ఏజెంటు. మోకాళ్లు అరిగాయి, షుగరొచ్చింది, రిటైర్‌మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలలూ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోనిస్తారేమో అనుకుంది. ఎక్కడ కూర్చోనిస్తారు!

“టార్గెట్ జగ్గయ్యపేట,” అన్నాడు చీఫ్ కిటికీలోంచి బయటకు చూస్తూ. “కొత్త అంబులెన్స్ హెల్ప్‌లైన్ వస్తోంది. ఫోన్ ఎత్తేది మనిషి కాదు, ఏఐ. పల్లెల్లో మన యాసలు దానికి అర్థమవుతున్నాయో లేదో అక్కడ ఆరుగురు ఆడవాళ్లు టెస్ట్ చేస్తున్నారు. తలా వంద కాల్స్. ఆరుగురూ వందా పూర్తిచేసి ఓకే కొడితే సాఫ్ట్‌వేర్ రాష్ట్రమంతా రిలీజ్. డెడ్‌లైన్ పదో తారీఖు మధ్యాహ్నం పన్నెండు. దాటితే మొత్తం మళ్లీ మొదటినుంచి తనిఖీ.”

“దాన్ని చెడగొట్టాలని చూస్తున్న ఆ విద్రోహుల ముఠా, రింగ్, ఏం చేసింది సార్?”

“లోపల విషం పెట్టింది. కూలోళ్ల మాటతీరు వినగానే అది ఆకతాయి కాల్ అనుకుని పెట్టేస్తుంది. ఎక్కడ పెట్టారో మనవాళ్లకి దొరకలేదు. జనం చస్తారు, సర్కారు మీద నమ్మకం పోతుంది. అదే వాళ్లకి కావలసింది.”

“లోపల మనవాళ్లెవరు?”

“నీహారిక. అక్కడ డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్ హెడ్. రింగ్‌లో ఉంటూ మనకి కబుర్లు చేరవేస్తోంది. కోడ్‌నేమ్ మల్లె.” చీఫ్ ఆమె చేతిలో చెవిటి మిషన్ ఒకటి పెట్టాడు. “ట్రాన్స్‌మిటర్. కాస్త ఈల వేస్తుంది, సర్దుకో.”

మారువేషం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. యాభై తొమ్మిదేళ్ల ఆడమనిషికి కాటన్ చీరా ప్లాస్టిక్ సంచీ ఉంటే చాలు, లోకంలో ఒక్కరూ రెండోసారి చూడరు.

అలా జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు పైన మూడో అంతస్తులో ట్రైనీగా చేరింది. ఆ ఆరుగురూ వత్సవాయి వైపు పల్లెలవాళ్లు, మిరప కోతలకు వెళ్తూ వెళ్తూ కంప్యూటర్ నేర్చుకుని, రెండేళ్లుగా ఇక్కడ చేస్తున్నవాళ్లు. వాళ్లకి పెద్ద కృపావతి. చిన్నది బేబి, ఎనిమిదో నెల కడుపుతో ఉంది, పనిలో నిదానం. ప్రమీలారాణి పది రోజులు వాళ్ల పచ్చడి తిని, వాళ్ల అత్తల మీద చాడీలు వింది. నీహారిక రోజూ ఓసారి తలుపు దగ్గర సెంటు వాసనతో నిలబడి, చిరునవ్వుతో సెల్ఫీ తీసుకుని తన క్యాబిన్‌లోకి పోయేది. అనుమానించడానికి ఏమీ దొరకలేదు.

పదో తారీఖు పొద్దున్నే ఆఖరి రౌండూ డెడ్‌లైనూ రేపటికి వాయిదా పడ్డాయన్నారు. ఆరుగురికీ ఇన్‌క్లూజన్ అవార్డు వచ్చిందని, ట్రైనీతో సహా అందర్నీ ఏసీ వ్యానులో నందిగామ ఫంక్షన్ హాలుకి పంపారు. నీహారిక మాత్రం తలనొప్పని ఆగిపోయింది.

పదకొండూ యాభైకి కృపావతి ఫోన్ మోగింది. చేసింది నీహారిక. కృపావతి స్పీకర్ పెట్టింది.

“కృపావతిగారూ, ఊరికే అడుగుతున్నా. మీరంతా తొంభైతొమ్మిది కాల్స్ కొట్టి ఆఖరిది ఆపుతారుగా. ఎందుకు?”

“చెప్తానుండండి మేడంగారు...” అంటుండగానే ప్రమీలారాణి ఫోన్ లాక్కుని మ్యూట్ నొక్కింది. టెస్టర్లందరూ ఇక్కడ ఉప్మా తింటుంటే, అక్కడ తొంభైతొమ్మిది దగ్గర ఆగినవాళ్లెవరు?

“సార్, లాగిన్లు చూడండి.”

చెవిలో ఈల, ఆ వెనక చీఫ్ గొంతు. “ఆరుగురూ పనిలోనే ఉన్నారుగా?”

“ఆరుగురూ నా పక్కనే ఉన్నారు. అక్కడున్నవి వీళ్ల నకళ్లు సార్, రెండేళ్ల రికార్డులు మేపి తయారుచేసిన ఏఐలు. మల్లె మనది కాదు.”

చీఫ్ అటు ఎవరికో ఆర్డరేసి మళ్లీ లైన్లోకి వచ్చాడు. “పోలీసుల్ని పంపిస్తున్నా. పది నిమిషాలు పడుతుంది. ఈలోగా ఆఖరిది ఎలా కొడతారో ఆవిడకి ఆ కిటుకు తెలియకూడదు. ఆవిడ తన చేత్తో నొక్కితే సిస్టం పట్టేస్తుంది, ఆ నకళ్లే నొక్కాలి.”

కిటుకు ప్రమీలారాణికి తెలుసు. మిరప కోతల్లో ఎవరి సాలు ముందైపోయినా గట్టెక్కరు. నిదానంగా కోసే మనిషిని రైతు తిట్టకూడదని, అందరూ ఆఖరి మొక్క దగ్గర ఆగుతారు. పెద్దామె “కానివ్వండి” అంటే ఆరుగురూ ఒక్కసారే ముగిస్తారు. కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆ అలవాటు పోలేదు. కృపావతి నోటితో అనే ఆ మాట ఏ రికార్డులోనూ లేదు. యంత్రాలు ఆగడం నేర్చుకుని, మాట కోసం ఎదురుచూస్తున్నాయి.

“వదినా,” అని కృపావతి చెవిలో చెప్పింది ప్రమీలారాణి, “మేడం మన బదులు మిషన్లతో సంతకం పెట్టిస్తోంది. పన్నెండు దాటేదాకా ఆ మాట చెప్పకు. ఇది బయటికెళ్తే రేపు బేబి నొప్పులొచ్చి ఫోన్ చేసినా ఆకతాయి కాల్ అని పెట్టేస్తుంది.”

కృపావతి బేబి కడుపు వంక చూసింది. తర్వాత ఫోన్ తీసుకుని మ్యూట్ తీసింది.

“అక్కా, మీ ఉద్యోగాలు నిలవాలంటే త్వరగా చెప్పండి,” నీహారిక గొంతులో తీపి తగ్గింది.

“దాందేముందండీ. ప్రార్థన చేసుకుని కొడతాం.”

“ఏం ప్రార్థన? చెప్పండి, టైప్ చేసుకుంటా.”

టైం పదకొండూ యాభై నాలుగు. అయిదు నిమిషాల్లో ముగిసే ప్రార్థన కృపావతి జన్మలో చేసి ఎరగదు. కళ్లు మూసుకుంది.

“ప్రేమగల తండ్రీ. రాసుకున్నారా అండీ? ఈ దినమున నీ బిడ్డలమైన మేము...”

అటునుంచి టకటకా కీబోర్డు చప్పుడు. కృపావతి పల్లెల్ని తలచుకుంది, ఒక్కో ఊరూ పేరుపేరునా. చేలల్లో పురుగూ పుట్రా ముట్టినవాళ్లని తలచుకుంది. బేబికి సుఖమైన కాన్పు ఇమ్మని, ఆపదలో పిలిచినవాళ్ల మాట వినే చెవి ఇమ్మని అడిగేసరికి ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపు నటన కాదు. ప్రమీలారాణికి కూడా దుఃఖం వచ్చింది. ఇన్నేళ్లలో ఏ మిషన్‌లోనూ రాలేదు.

“త్వరగా, అక్కా!”

“...మేడంగారి తలనొప్పిని కూడా ముట్టి స్వస్థపరచుము తండ్రీ. ఆమెన్.”

పన్నెండు దాటి నాలుగు సెకన్లు. ఫోన్‌లో తలుపు విరిగిన చప్పుడు, మగగొంతులు వినిపించాయి. లైను తెగింది.

“రిలీజ్ ఆగిపోయింది,” అన్నాడు చీఫ్. “రేపట్నుంచి మళ్లీ తనిఖీ, ఆ ఆరుగురితోనే.”

ప్రమీలారాణి కుర్చీలో వెనక్కి వాలి, మోకాళ్లు రాసుకుంది. కృపావతి బేబి ప్లేటులో ఇంకాస్త ఉప్మా వేస్తోంది.

“ఒక్కటి అర్థం కావట్లేదు,” చీఫ్ అడిగాడు. “నువ్వు పది రోజుల్లో కనిపెట్టింది ఆవిడకి రెండేళ్లలో ఎలా తెలియలేదు?”

“ఆవిడకి వేరే క్యాబిన్ ఇచ్చారు సార్,” అంది ప్రమీలారాణి. “నాకు ఇవ్వలేదు.”