ఏలియా అగ్గిపెట్టె

“నా పెనిమిటిని నేనే సంపిన సార్.”

ఆ మాట అన్న మార్తమ్మ ఏడవడం లేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. హన్మకొండలో సుందర్ రావు డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పటి నుంచి, ఏడ్చేవాళ్ల కోసం గ్లాసుతో మంచినీళ్లు సిద్ధంగా ఉంచడం అసిస్టెంట్ భారతి పని. ఈమె ముందు ఆ గ్లాసుతో ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

మార్తమ్మ భర్త ఏలియా పురుగుమందులు పరీక్షించే ల్యాబులో అటెండరు. అక్కడి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రంలో హైడ్రోజన్‌తో చిన్న మంట మండుతుంది. సోమవారం పొద్దున గది పేలి ఏలియా చనిపోయాడు. బీడీ ముట్టించడం కళ్లారా చూశానని యజమాని వెంకటయ్య చెప్పాడు. శవం జేబులో అగ్గిపెట్టె దొరికింది. పోలీసులకు అంతకన్నా ఏం కావాలి?

“ఇంట్ల అగ్గిపెట్టె అయిపోయింది, తెమ్మని నేనే చెప్పిన. చెప్పకుంటే ఆయన జేబుల ఎందుకుంటది?”

పోలీసులు తిరిగిచ్చిన ఆ పెట్టెను సుందర్ రావు నాలుగువైపులా తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు. ఆయన ఏదైనా జేబులో వేసుకున్నాడంటే ఏదో దొరికినట్టేనని భారతి నమ్మకం.

ల్యాబులో హైడ్రోజన్ సిలిండర్ నిలబడే ఉంది. గ్యాసు గొట్టాన్ని దానికి బిగించే నట్టు వేళ్లతోనే తిరుగుతోంది.

“శనివారం ల్యాబు ఎవరు బంద్ చేసిండ్రు?” అని అడిగాడు సుందర్ రావు.

“నేనే. ఏలియా మధ్యాహ్నమే నెక్కొండ ఊరికి పోయిండు.” మాట్లాడుతూనే వెంకటయ్య లేచి, నీళ్లు కారని కొళాయిని మరోసారి బిగించాడు. స్టోర్ కీపర్ రాయమల్లు నవ్వు ఆపుకున్నాడు. “మా సారు అన్నీ బిగించినంకనే తాళమేస్తడు.”

మర్నాడు సుందర్ రావు ల్యాబుకు ఖాళీ హైడ్రోజన్ సిలిండర్ తెప్పించాడు. ఇన్‌స్పెక్టర్నీ మార్తమ్మనీ పిలిపించి, అందరి ముందూ రాయమల్లుకు, తర్వాత వెంకటయ్యకు పానా అందించాడు.

“జర ఈ నట్టు బిగించుండ్రి.”

రాయమల్లు ఎడమకు తిప్పాడు. వెంకటయ్య బలంగా కుడికి తిప్పాడు. నట్టు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

“అన్ని నట్లు కుడికి బిగుస్తయి గానీ, మండే గ్యాసు సిలిండర్ నట్టు ఎడమకే బిగుస్తది,” అన్నాడు సుందర్ రావు. “శనివారం మీరు బిగించిన్ననుకున్నరు, వదులు చేసిండ్రు. సోమవారం ఏలియా గ్యాసు తెరిచి, యంత్రం వేడెక్కేదాక అరగంట ఆగిండు. వదులు నట్టు నుంచి గ్యాసు కారి గదంతా నిండింది; హైడ్రోజన్‌కు వాసన లేదు, కిటికీలు మూసున్నయి. రోజులాగే మంట ముట్టించే స్విచ్చు నొక్కిండు.”

“బీడీ… నేను చూసిన…”

సుందర్ రావు అగ్గిపెట్టె బయటపెట్టాడు. దాని మీది కాగితం సీలు చిరగలేదు.

“తప్పు ల్యాబు మీదికి వస్తదని అబద్ధమాడిన,” అన్నాడు వెంకటయ్య. “కానీ నేనే సంపిన్నని నాకు తెల్వదు.” నట్టు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

సుందర్ రావు పెట్టెను మార్తమ్మ చేతిలో ఉంచాడు. ఆమె ఆ సీలును బొటనవేలితో చాలాసేపు తడిమింది.

“ఇంటికి తెద్దామనే కొన్నడా సార్?”

“అవునమ్మా.”

అప్పుడు మార్తమ్మ ఏడ్చింది. భారతి మంచినీళ్ల కోసం లేచింది.