గొలుసు వేయని పడవ బండి

"అక్కా... పడవ బండి ఊడిపోయింది! మనిషి మీదికి పోయిందక్కా!"

ఫోన్లో తమ్ముడు క్రాంతి మాట విని సులోచన దిగ్గున లేచింది. వాడపల్లి సంగమం దగ్గర యాత్రికులను తిప్పే పడవ ఆమెది. భర్త పోయాక ఆమెకు ఇంత అన్నం పెట్టింది అదే! అడుగు చెక్క బాగుచేయించడానికి దాన్ని ట్రైలర్ మీద కోదాడకు తీసుకుపొమ్మని పొద్దున్నే తమ్ముడికి అప్పజెప్పింది. "మన జీపుకు ట్రైలర్‌ను పిన్నుతోని తగిలించినాక గొలుసులు గూడ వెయ్యిరా. పిన్ను ఊడినా బండిని అవే ఆపుతయి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. "నేనేమన్న చిన్నపిల్లగాన్నా?" అని నవ్వాడు వాడు.

గరిడేపల్లి దాటాక గుంతలో పడి పిన్ను ఊడింది. ఆపే గొలుసు లేక, ట్రైలర్ పడవతో సహా రోడ్డు దిగి, నాట్లేసి ఇంటికి పోతున్న మంగ్లీ అనే కూలి మనిషి కాలును నుజ్జు చేసింది...

సులోచన మిర్యాలగూడ దవాఖానకు పరుగెత్తింది. ఆపరేషన్ గది బయట మంగ్లీ భర్త గోప్యా నేల మీద కూలబడి ఉన్నాడు.

"ఏడవకు అన్నా! బండికి ఇన్సూరెన్స్ ఉన్నది. వైద్యానికి లోటు రానియ్య" అని ఆయన చేతులు పట్టుకుంది. మంగ్లీని అక్కడికి తెచ్చిన తమ్ముడి వైపు తిరిగి, "కాయితం తియ్యిరా" అంది.

క్రాంతి తల వంచుకున్నాడు.

"లేదక్కా... నీకు సూపించింది పోయినేడుది. తారీఖు మార్చిన. కట్టమని నువ్విచ్చిన పైసలతోని ఫోన్ కొనుక్కున్న..."

సులోచన వాడి ముఖంలోకి చూసింది. అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్లు! తన ఒళ్లో పెట్టుకుని గోరుముద్దలు తినిపించిన తమ్ముడు... కన్నకొడుకు కంటే ఎక్కువనుకున్న తమ్ముడు... తన కళ్లలోకి చూస్తూనే ఎంత మోసం చేశాడు!

అంతలో ఎస్సై వచ్చాడు. "గొలుసులు ఎందుకు వెయ్యలే?"

క్రాంతి అక్క వైపు చెయ్యి చూపించాడు. "అక్కనే... లేటయితదని... వద్దన్నది సార్!"

సులోచన కొంగుతో కళ్లు తుడుచుకుని నిలబడింది.

"సార్, బండి నాది. కాయితం సరిగ సూసుకోని తప్పు నాది. గొలుసు వద్దని మాత్రం నేననలే. వాడపల్లి దేవుని మీద ఆన!" గోప్యా వైపు తిరిగింది. "అన్నా, పడవ అమ్మేస్త. ఆమె కాలు బాగయ్యేదాక నాదే భారం."

"పడవ అమ్ముకుంటే నువ్వెట్ల బతుకుతవమ్మా?" అన్నాడు గోప్యా.

"నాకు రెక్కలున్నయన్నా... నాట్లకు పోత."

పరాయివాడు అక్కను అడిగిన ఆ మాట క్రాంతిని నిలువునా కోసింది. భోరున ఏడుస్తూ ఎస్సై ముందు చేతులు జోడించాడు. "అబద్ధమాడిన సార్! అక్క చెప్పింది. నేనే వెయ్యలే!"

పోలీసు జీపు ఎక్కబోతూ వాడు వెనక్కి తిరిగాడు. "అక్కా... రాఖీకన్న రానిస్తవా?"

సులోచన చెయ్యి వాడి తల నిమరబోయి, మధ్యలోనే ఆగిపోయింది.

"మంగ్లీ లేచి నడిచిననాడు రా తమ్ముడా... అప్పుడు రాఖీ కడత."